గోదాములు సరే, కూలోడి పని మాటేమిటి?

1988లో కేంద్రం ప్రకటించిన గ్రోత్ సెంటర్ల పథకంలో బొబ్బిలికి చోటు దొరికింది. ఫెర్రో ఎల్లాయిస్ ఫర్నేసులు వచ్చాయి. అయినా చుట్టుపక్కల పల్లెల నుంచి విశాఖకీ, హైదరాబాదుకీ, చెన్నైకీ కూలోళ్ల వలస ఆగలేదు.

2022లో కేంద్రం జాతీయ లాజిస్టిక్స్ విధానం ప్రకటించింది. బొబ్బిలి రాయపూర్ రైలు మార్గంలో జంక్షను. రాయపూర్-విశాఖ ఆరు వరుసల రోడ్డు సాలూరు వైపుగా తలపెట్టారు. ఇలాంటి చోట పెద్ద గోదాముల పార్కు కోసం రేపు భూమి అడిగితే ఆశ్చర్యం లేదు. ఉద్యోగాలొస్తాయనే మాట కూడా వెంటే వస్తుంది.

గోదాములు వద్దని మనం అనటం లేదు. నిలవచేసే చోటు లేకే కదా రైతు కళ్లంలోనే మొక్కజొన్నని అడ్డికి పావుశేరు అమ్ముకుంటున్నాడు! కాని గోదాము భూమిని ఎకరాలకెకరాలు మింగుతుంది, పని కొద్దిమందికే ఇస్తుంది. బరువులు యంత్రాలు ఎత్తుతాయి. మిగిలేది హమాలీ, కాపలా, ఊడ్పు పని. అదీ కంట్రాక్టరు చేతిలో! సరుకు రవాణా ఖర్చు తగ్గించటమే ఆ విధానం లక్ష్యమట. ఎవరి కూలి కోసి తగ్గిస్తారు?

భూమి ఇచ్చిన రైతుకు పరిహారం వస్తుంది. ఆ భూమిలో ఊడ్పులు ఊడ్చి, కోతలు కోసినోళ్లు "మరి మా గతేటి?" అని అడుగుతారు. 2013 భూసేకరణ చట్టం వారినీ లెక్కలోకి తీసుకుంది. మూడేళ్లుగా ఆ భూమి మీదే ప్రధానంగా బతుకుతున్న కూలీలు, కౌలుదార్లు బాధిత కుటుంబాలే. ప్రాజెక్టులో ఉద్యోగాలుంటే ఇంటికొకరికి శిక్షణ ఇచ్చి ఉద్యోగమివ్వాలి. లేదా 5 లక్షల రూపాయలు, లేదా నెలకు 2 వేల చొప్పున 20 ఏళ్లు ఇవ్వాలి. కాని ఎవరి బతుకు పోతుందో ముందుగా తేల్చే సామాజిక ప్రభావ అంచనా నుంచి కొన్ని ప్రాజెక్టులను మినహాయించే వీలు 2018 రాష్ట్ర సవరణతో వచ్చింది. లెక్కలోనే లేని కూలోడికి హక్కెక్కడిది?

కాబట్టి సర్వేరాళ్లు పాతకముందే గ్రామసభలో అడగాలి. కూలీల, కౌలుదార్ల జాబితా కట్టి చదివి వినిపించాలి. ఉద్యోగాలెన్నో, అందులో పర్మనెంటు ఎన్నో, జీతమెంతో కాగితం మీద రాయించాలి. ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కోసం మన రాష్ట్రంలో 1976లోనే చట్టం చేశారు. గోదాముల్లో దాన్ని అమలు జరపాలి. రైతు సరుకుకు అందుబాటు అద్దెలో చోటివ్వాలి.

శంకుస్థాపన నాటి ఉపన్యాసం గాలికి పోతుంది. రాయించుకున్న కాగితం, దాని వెనక నిలబడ్డ సంఘం, ఈ రెండే కూలోడికి మిగిలేవి.