పిల్లల చేతిలోంచి ఆ పుస్తకం లాక్కోకండి

అమెరికాలోని తెలుగు తల్లిదండ్రులకు విన్నపం

మీ అబ్బాయో అమ్మాయో మిడిల్ స్కూల్లో ఉంటే, ఏదో ఒక ఏడాది ఇంగ్లిష్ క్లాసులో లోయిస్ లౌరీ నవల ‘ద గివర్’ చదవాల్సి రావచ్చు. 1993లో వచ్చిన ఈ పుస్తకానికి మరుసటి ఏడాదే న్యూబెరీ పతకం దక్కింది. బడుల్లోంచి తీసేయమని గొడవ చేసినవాళ్ళూ తక్కువేం కాదు. 1990లలో ఎక్కువ అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకాల్లో ఇదొకటని అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ లెక్క తేల్చింది. ‘మా పిల్లకు వేరే పుస్తకం ఇవ్వండి’ అని టీచర్‌కు ఈమెయిల్ రాయబోతున్నారా? ఒక్కసారి ఆగండి.

మీ భయం అర్థం లేనిది కాదు. కథలోని ఊళ్ళో ఆకలి లేదు, కొట్లాట లేదు, ఎండావానా లేవు, చివరికి రంగులు కూడా లేవు. ఇంటికో కొడుకు, ఓ కూతురు. వాళ్ళను కేటాయించేది పెద్దల సంఘం. ముసలివాళ్ళనూ, సరిగా ఎదగని పసివాళ్ళనూ ‘విడుదల’ చేసేస్తారు. అంటే ఏమిటో కథానాయకుడు, పన్నెండేళ్ళ జోనాస్‌కు తెలియదు. కవలల్లో బరువు తక్కువున్న బిడ్డను జోనాస్ తండ్రే సూది గుచ్చి చంపడం చూశాక తెలుస్తుంది. ఆ తండ్రి రాక్షసుడు కాడు. ఇంట్లో పిల్లల్ని ముద్దుచేసే మనిషే. అప్పగించిన పని చేశాడు, అంతే. అది చదివి మీ పిల్లకు ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. పట్టకపోవడమే మంచిది. మంచివాళ్ళు కూడా రూలు ప్రకారం ఘోరాలు చేయగలరన్న సంగతి ఆ వయసులో, పక్కన మీరుండగా తెలియాలి.

లౌరీ తండ్రి వృద్ధాశ్రమంలో జ్ఞాపకశక్తి పోగొట్టుకుంటున్న రోజుల్లో, క్యాన్సర్‌తో పోయిన పెద్దకూతురి ఫొటో చూసి గుర్తుపట్టారట. ఆమె చనిపోయిన సంగతి మాత్రం గుర్తులేదు. బాధ పెట్టే జ్ఞాపకాలన్నీ అలా తుడిచేసుకుంటే హాయిగా ఉంటుందా అన్న ఆలోచన లౌరీకి అక్కడ మొదలైంది. పిల్లలకు బాధే తెలియకూడదనుకునే మనకు ఈ నవల చెప్పే జవాబు ఇదే: ఆ ఊళ్ళో నొప్పి లేదు, ప్రేమా లేదు.

కాస్త గుచ్చుకునే మాట ఒకటి. ఆ ఊళ్ళో పన్నెండేళ్ళు రాగానే ఎవరు జీవితాంతం ఏ పని చేయాలో పెద్దలే తేల్చేస్తారు. ఎంపీసీనా, బైపీసీనా అన్నది మనలో ఎంతమంది సొంతంగా ఎంచుకున్నాం? ఈ పుస్తకం చదివిన పిల్ల రేపు భోజనాల దగ్గర మనల్నే ఆ ప్రశ్న అడుగుతుంది. అసలు ఇబ్బంది అక్కడే ఉందేమోనని నా అనుమానం.

కాబట్టి ముందు మీరు చదవండి. చిన్న పుస్తకమే, శని, ఆదివారాలు చాలు. 2014లో వచ్చిన సినిమాతో సరిపెట్టకండి. అందులో జోనాస్ పన్నెండేళ్ళవాడిలా లేడు. నవల చివర్లో జోనాస్ బతికాడా లేదా అన్నది రచయిత్రి ఈ పుస్తకంలో తేల్చలేదు, పిల్లలతో వాదించండి. మీ ఊరి స్కూల్ బోర్డు ముందుకు ఏదైనా పుస్తకం తీసేయాలన్న ప్రతిపాదన వస్తే ఇంట్లో కూర్చోకండి. వద్దనేవాళ్ళు ఎలాగూ వస్తారు. ఉంచమనేవాళ్ళే రారు. మీ యాస గురించి బెంగ వద్దు, మైకు దగ్గర రెండు నిమిషాలు మాట్లాడండి. పక్కింటి తెలుగువాళ్ళనూ వెంటబెట్టుకు రండి.