వేషం కడితేనే నోరు పెగిలేది

నడివయసు మగాణ్ని ‘ఎలా ఉన్నావు?’ అని అడిగి చూడండి. ‘ఏముంది, నడుస్తోంది’ అంటాడు. అంతకు మించి రాబట్టడం ఎవరి తరమూ కాదు. అదే మనిషికి ఓ వేషం ఇవ్వండి. గలగలా మాట్లాడేస్తాడు. సోదర సంఘాలూ, ఫ్రాయిడ్ గారి సోఫా, రోల్‌ప్లేయింగ్ గేములూ... ఈ మూడూ ఈ కిటుకు మీదే నడుస్తున్నాయని నా అభిప్రాయం.

ముందు సంఘాల సంగతి. ఫ్రీమేసన్ల మొదటి గ్రాండ్ లాడ్జి 1717లో లండన్‌లో పుట్టింది. మన హైదరాబాద్‌లో గోషామహల్ బారాదరి కూడా వాళ్ల మందిరమే. వాళ్లకు మూడు మెట్లు. మూడో మెట్టులో కొత్త సభ్యుడు, హత్యకు గురైన ఓ శిల్పి పాత్ర వేయాలి. అచ్చంగా నాటకమే! కాకపోతే దాన్ని నాటకం అనరు.

ఫ్రాయిడ్ మాత్రం తక్కువ తిన్నాడా? 1897లో వియన్నాలో బినాయ్ బ్రిత్ అనే యూదుల సోదర సంఘంలో చేరాడు. కలల మీద తన ఆలోచనల్ని అక్కడి సభ్యులకు వినిపించాడు. ఆ తర్వాత ఆడ్లర్ విడిపోయి, యుంగ్‌తోనూ చెడుతున్న రోజుల్లో, నమ్మకస్తులతో ఓ రహస్య కమిటీ ఏర్పడితే వాళ్లకు ఉంగరాలు ఇచ్చాడు. మనసు గుట్టు విప్పుతానన్న పెద్దమనిషికీ ఓ గుట్టు ముఠా కావాల్సొచ్చిందన్నమాట!

ఇక ఆట. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’కి కావాల్సింది కాగితం, పెన్సిలు, ఇరవై ముఖాల పాచిక, నలుగురు మనుషులు. ఆఫీసులో నోరెత్తనివాడు అక్కడ రాజుగారినే నిలదీస్తాడు. పగటి వేషగాళ్లను చూసిన మనకిదేం కొత్త కాదు. వేషంలో ఉన్నవాడు ఊరి పెద్దనైనా ఓ మాట అనొచ్చు.

నా ఓటు ఆటకే. లాడ్జిలో పైమెట్టు, కిందిమెట్టు ఉన్నాయి. చాలాచోట్ల ఆడవాళ్లకు తలుపులు తెరవరు. సోఫా మీద మాట్లాడేది ఒక్కడే, ఫీజు కట్టేదీ వాడే. ఆట బల్ల దగ్గర అందరూ మాట్లాడతారు, అందరూ వింటారు. పైగా ఇది ఆటేనని అందరికీ తెలుసు. నాటకాన్ని నాటకమని ఒప్పుకునే నిజాయితీ నాకు నచ్చింది.

అలాగని ఆట వైద్యం కాదు. మనసు నిజంగా కుంగినవాడికి డాక్టరు కావాలి. కానీ అంతదాకా రాకముందే వారానికో సాయంత్రం నలుగురితో నవ్వుకోవడానికి చోటు ఉండాలిగా? మీ ఆయనో అన్నయ్యో శనివారం పాచికల సంచీ పట్టుకుని బయల్దేరితే ‘ఈ వయసులో ఇదేం ఆట’ అనకండి. వెళ్లనివ్వండి. వీలైతే మీరూ వెళ్లండి.