అత్తారింటికి దేవుణ్ణి వెంటబెట్టుకెళ్లిన కోడళ్లు

చెంఘిజ్ ఖాన్ అనగానే మనకు గుర్రాలు, కత్తులు, తగలబడే ఊళ్లు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆ ఇంటి కోడళ్ల కథలంటే ఆసక్తి.

1203లో చెంఘిజ్ ఖాన్ కెరయిట్ తెగను ఓడించాడు. ఆ తెగలో అప్పటికే క్రైస్తవులు చాలామంది. ఓడిన రాజు తమ్ముడి కూతురు సొర్ఖఖ్తానిని తన చిన్నకొడుకు తొలుయికి చేసుకున్నాడు. ఆమె కొడుకుల్లో మోంగ్కే మహాఖాన్ అయ్యాడు, కుబ్లాయ్ చైనాను ఏలాడు, హులగు ఇరాన్‌ను పట్టాడు. తల్లి క్రైస్తవురాలే. అయినా బుఖారాలో మదరసా కట్టడానికి డబ్బిచ్చింది. కుబ్లాయ్ ఏమో బౌద్ధం వైపు మొగ్గాడు. ఒకే కుటుంబంలో ఎవరి పూజ వాళ్లది!

హులగు భార్య డోకుజ్ ఖాతూన్ కూడా కెరయిట్ ఆడపడుచే. ఆమె విడిది వాకిట్లో ఎప్పుడూ చర్చి ఉండేదట, గంటలు మోగేవట. 1258లో హులగు సేనలు బాగ్దాద్‌ను ఊచకోత కోశాయి. ఖలీఫాను సైతం చంపేశారు. ఊళ్లోని క్రైస్తవుల జోలికి మాత్రం పోలేదు. అది ఆమె చలవేనని ఆనాటి క్రైస్తవులు నమ్మారు.

ఆహా, ఎంత సామరస్యం అని మురిసిపోదామా? నాకైతే మనసొప్పదు. ఒకే ఊళ్లో పక్కపక్క వీధులవాళ్లు. ఒకరు బతికారు, మరొకరు పోయారు. తేడా ఏమిటంటే, ఖాన్ గుడారంలో మన మనిషి ఉందా లేదా అన్నదే.

పోనీ, ఆ రక్షణైనా నిలిచిందా? 1265లో హులగు, డోకుజ్ ఇద్దరూ కన్నుమూశారు. సరిగ్గా 30 ఏళ్లకు, 1295లో, వాళ్ల వంశంలోని ఘాజాన్ గద్దె కోసం పోరాడుతున్నాడు. బౌద్ధుడిగా పెరిగినవాడు. సేనాని నౌరూజ్ అండ కావాల్సొచ్చింది, ఇస్లాం తీసుకున్నాడు. గెలిచాక నౌరూజ్ హుకుంతో చర్చిలు, బౌద్ధాలయాలు, యూదుల ప్రార్థనా మందిరాలు కూలాయి. ఒకప్పుడు కోడలి మాటతో దక్కిన అభయం, ఇప్పుడు సేనాని మాటతో పోయింది.

ఆ కోడళ్లను తక్కువ చేయడం లేదండీ. వాళ్ల చేతిలో ఉన్నంత వరకు కొందరి ప్రాణాలు కాపాడారు. కానీ ఏలినవారి ఇంట్లో ఎవరికి చనువుందో చూసుకుని బతకాల్సి వస్తే, దాన్ని మత స్వేచ్ఛ అనలేం. అది దయ. ఇచ్చినవాళ్లు పోతే, దయా పోతుంది.