కొలత కంచంలో కాదు, కుండలో

బరువు తగ్గాలనే సంకల్పం మన ఇళ్ళలో సాధారణంగా ఒక్కరి పేరు మీదనే మొదలవుతుంది. డాక్టరు హెచ్చరించారని తల్లి, మోకాళ్ళు పట్టేస్తున్నాయని అత్తగారు, షుగరు బయటపడిందని ఇంటి యజమాని, సంబంధాలు చూస్తున్నారని పెళ్ళీడు కూతురు - ఎవరో ఒకరు ఒక శుభదినాన తమ కంచాన్ని వేరు చేసుకుంటారు. ఇంటిల్లిపాదికీ బగారా అన్నం, మిర్చీ కా సాలన్. ఆమెకు మాత్రం రెండు పుల్కాలు, ఉప్పు కారం లేని ఉడికించిన కూర. నాలుగు రోజులు బాగానే గడుస్తాయి. అయిదో రోజు దమ్ బిర్యానీ మూత తీస్తారు. పదిహేను రోజులు తిరిగేసరికి వేరుపడిన కంచం మళ్ళీ అందరి కంచాలలో కలిసిపోతుంది. చివరకు ఆమెకు మిగిలేది “నాకు నిగ్రహం లేదు” అనే నింద ఒక్కటే.

లోపం ఆమె నిగ్రహంలో లేదని మేము భావిస్తున్నాము. లోపం పొయ్యి మీద ఉన్న పాత్రలో ఉంది. ఇంటి వంట మారకుండా ఇంట్లో ఒక్కరి ఆహారం మారాలనుకోవడం, ప్రవాహంలో ఒక్కరిని నిలబెట్టి కొట్టుకుపోవద్దని ఆజ్ఞాపించడం వంటిది.

మిగిలిన అన్నం ఎవరి కడుపులోకి?

మన కుటుంబాలలో వండిన స్త్రీయే చివర తింటుంది. ఈ అలవాటును త్యాగమని పొగుడుతాము గాని, అది ఆమె ఆరోగ్యాన్ని ఏం చేస్తున్నదో ఆలోచించము. అందరూ లేచిన తర్వాత గిన్నె అడుగున రెండు గరిటెల అన్నం మిగులుతుంది. చిన్నవాడు కొరికి వదిలిన సగం పరాఠా ఉంటుంది. సాలన్ గిన్నెలో నూనె తేలుతున్న గుజ్జు ఉంటుంది. అన్నాన్ని అల్లాహ్ అనుగ్రహమని గౌరవించే సంస్కారం మనది. పారవేయడానికి చేయి రాదు. ఆమె ఆకలి ఆసరికే తీరిపోయి ఉంటుంది. అయినా ఆ మిగులు అంతా ఆమె కడుపులోకే చేరుతుంది. ఇది రోజుకు రెండు పూటలా, సంవత్సరాల తరబడి జరుగుతుంది.

దివ్య ఖుర్ఆన్ అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయతు తినడానికీ త్రాగడానికీ అనుమతినిస్తూనే, హద్దు మీరడాన్ని వారించింది. ఆ హెచ్చరికను మనం చెత్తబుట్ట దగ్గర మాత్రమే గుర్తుచేసుకుంటున్నాము. అక్కరలేని అన్నం చెత్తబుట్టకు చేరినా, ఆకలి లేని కడుపుకు చేరినా అది వృథాయే. పైగా రెండవ వృథా జబ్బును కూడా వెంట తెస్తుంది. ఈ రెండింటికీ మందు ఒక్కటే: ఎంత కావాలో అంతే వండడం. ఆ నిర్ణయం కంచం ముందు కూర్చున్నప్పుడు చేసేది కాదు, పొయ్యి వెలిగించక ముందే చేసేది.

మద్రసాలలో బియ్యం తూకం వేయకుండా పొయ్యి మీదకు వెళ్ళవు. ఎంతమంది విద్యార్థులున్నారో లెక్కించి, దాన్నిబట్టి బియ్యం, పప్పు, నూనె తీసి వంటవానికి ఇస్తారు. కొలిచి వండినంత మాత్రాన అక్కడి వంటలో బర్కత్ తగ్గిపోలేదు. నూరుమందికి కొలిచి వండగలిగినప్పుడు, ఆరుగురికి కొలవడం అసాధ్యమేమీ కాదు. ఇంట్లో బియ్యం కొలిచే గ్లాసును ఒక్కసారి కిరాణా దుకాణంలో తూకం వేయించండి. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలుంటాయి. ఒక గ్లాసు ఎన్ని గ్రాములో తెలిస్తే, ఇంటికి ఎన్ని గ్లాసులు చాలునో వారం రోజులలో మీకే అర్థమవుతుంది. గిన్నె అడుగున ఏమీ మిగలని రోజున మీ కొలత కుదిరినట్టు.

నూనె లెక్క

ఇక నూనె సంగతి. పిండిపదార్థాలలోనైనా మాంసకృత్తులలోనైనా ఒక గ్రాముకు దాదాపు 4 కేలరీలుంటే, కొవ్వులో ఒక గ్రాముకు 9 కేలరీలున్నాయి. ఒక పెద్ద చెంచా నూనె అంటే 120 కేలరీలు. వంటింటి గరిటె నిండా పోస్తే మూడు నాలుగు పెద్ద చెంచాలకు తగ్గదు. అంటే తాలింపుకు అలవాటుగా వంపే ఒక్క గరిటె నూనె, నూనె లేకుండా కాల్చిన నాలుగైదు పుల్కాలకు సమానం. రొట్టెలు తగ్గించి నూనెను అలాగే ఉంచినవారి బరువు ఎందుకు తగ్గడంలేదో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో దేశ ప్రజల కోసం ఆహార మార్గదర్శకాలను సవరించి వెలువరించింది. రోజుకు 2000 కేలరీలు అవసరమైన వ్యక్తికి అది సూచించిన నూనె, నెయ్యి వగైరాలన్నీ కలిపి 27 గ్రాములు. అయిదుగురున్న కుటుంబానికి ఈ లెక్క ప్రకారం రోజుకు పది పెద్ద చెంచాలు, నెలకు సుమారు నాలుగున్నర లీటర్లు అవుతుంది. ఇది పైహద్దు, శారీరక శ్రమ తక్కువగా ఉన్నవారికీ, బరువు తగ్గవలసినవారికీ ఇంతకన్నా తక్కువే చాలు. మీ ఇంటి నెల సరుకుల చీటీ తీసి చూడండి. అందులో నూనె, నెయ్యి, డాల్డా కలిపి ఎంత రాసి ఉందో, ఇంట్లో ఎంతమంది ఉన్నారో సరిచూసుకోండి. చాలామందికి బరువు యంత్రంకన్నా ఆ చీటీయే నిజాన్ని ముందుగా చెబుతుంది.

నూనె సీసా నుండి నేరుగా పోయడం మానండి. ఉదయమే ఆ రోజుకు కావలసిన నూనెను ఒక చిన్న గిన్నెలోకి కొలిచి పెట్టుకోండి. మూడు పూటల వంట అందులోనే ముగియాలి. ఉదయం పరాఠాలు కాలిస్తే సాయంత్రం కూరకు ఎంత మిగిలిందో కళ్ళ ముందే కనిపిస్తుంది.

మన వంట మనదిగానే

పొదుపుగా వండడమంటే మన వంటలను వదిలి, ఎవరో చెప్పిన పరాయి వంటలకు మారడమని కొందరు భయపడతారు. అది అవసరం లేదు. దాల్చానే చూడండి. శనగపప్పు, సొరకాయ, చింతపండు పులుపు, కొద్దిగా మాంసం - ఇంతకన్నా సమతూకమైన వంటను ఎక్కడ వెతుకుతాము? 100 గ్రాముల సొరకాయలో 20 కేలరీలు కూడా ఉండవు. దైవప్రవక్త (స) సొరకాయ ముక్కలను పాత్రలో వెతికి మరీ ఇష్టంగా తినేవారని, అది చూసినప్పటి నుండి తమకూ దానిపై మక్కువ ఏర్పడిందని హజ్రత్ అనస్ (రజి) తెలిపిన విషయం బుఖారీ గ్రంథంలో ఉంది. మన దాల్చాలో సొరకాయను రెట్టింపు చేసి, మాంసాన్ని సగం చేస్తే రుచికి లోటు రాదు.

మాంసం వండేటప్పుడు పైకి కనిపించే కొవ్వును కోసి తీసివేయండి. కుక్కరులో ఉడికించిన తర్వాత ఆ నీటిని చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచితే, కొవ్వు పైన తెట్టులా గడ్డకడుతుంది. దాన్ని చెంచాతో తీసేసి, మిగిలిన షోర్బాతో కూర వండుకోవచ్చు. పాయా, నిహారీ వంటివాటికి ఇది మరింత అవసరం. కోడిమాంసాన్ని చర్మం తీయించి తెచ్చుకోండి. షోర్బాలో నీళ్ళు ఎక్కువ పోసి, ఇరుగుపొరుగును కనిపెట్టుకొని ఉండమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూ జర్ (రజి)కి బోధించినట్టు ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. పలుచని షోర్బా పొరుగింటికీ అందుతుంది, మన నడుముకూ మేలు చేస్తుంది.

బిర్యానీకి, ఖోర్మాకు ఉల్లిపాయలను నూనెలో ముంచి వేయిస్తాము. దానికి బదులు, సన్నగా తరిగిన ఉల్లికి కొంచెం ఉప్పు చేర్చి, రెండు చెంచాల నూనెలో సన్నని సెగపై మూతపెట్టి మగ్గించండి. అడుగంటినప్పుడల్లా కాసిని నీళ్ళు చిలకరించండి. అరగంటలో ఎర్రగా వస్తుంది. బఘారే బైంగన్‌కు వంకాయలను నూనెలో వేయించే బదులు, పెనానికి నూనె రాసి మూతపెట్టి మగ్గించవచ్చు. సాలన్‌లో వేసే వేరుశనగలోనూ నువ్వులలోనూ 100 గ్రాములకు 500 కేలరీల పైమాటే. అవి మంచి ఆహారమే. కాని వాటిలోనే నూనె ఉన్నప్పుడు పైన మరో గరిటె పోయడం దేనికి? షామీ కబాబులను పెనంపై నూనె రాసి కాల్చితే సరిపోతుంది.

తెలంగాణలో జొన్నరొట్టె, రాయలసీమలో రాగిసంగటి మన పూర్వులు తిన్నవే. వాటిలోని పీచు వల్ల కడుపు త్వరగా నిండుతుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. అయితే జొన్నలు, రాగులలో కేలరీలు బియ్యానికి దాదాపు సమానమే. జొన్నరొట్టె అనగానే కొలత అక్కరలేదని నాలుగు తింటే ఫలితం ఉండదు.

కంచంలో సగభాగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని పైన చెప్పిన మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. మన దస్తర్‌ఖాన్‌పై కూరగాయలకు దక్కే చోటు సాధారణంగా ఒక చిన్న కచుంబర్ గిన్నె మాత్రమే. ఆ గిన్నెను పెద్దది చేసి, అన్నం కంటే ముందు వడ్డించండి. గోంగూర, చుక్కకూర, చింతచిగురు మాంసంతో కలిపి వండే సంప్రదాయం మనకు ఉండనే ఉంది. అందులో ఆకు పాలు పెంచి, మాంసం పాలు తగ్గిస్తే చాలు.

చాయ్ సంగతి కూడా చెప్పుకోవాలి. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చక్కెర అయితే 32 గ్రాములు, అంటే దాదాపు 130 కేలరీలు. పక్కన పెట్టే బిస్కెట్లు ఈ లెక్కలో చేరలేదు. కప్పుకు అర చెంచా చొప్పున తగ్గిస్తూ పోతే నెలకల్లా నాలుక అలవాటుపడుతుంది. డబుల్ కా మీఠా, షాహీ తుక్డా పండుగలకు ఉండనివ్వండి. ప్రతి శుక్రవారానికీ అక్కరలేదు.

వడ్డనలో మర్యాద

అతిథిని గౌరవించడం మన ధర్మం. కాని “ఇంకొంచెం, ఇంకొంచెం” అని వద్దన్నవారి కంచంలో మూడోసారి కుమ్మరించడం గౌరవం కాదు. వద్దన్న వ్యక్తికి షుగరు ఉందేమో, తిన్న తర్వాత రాత్రంతా బాధపడతారేమో మనకు తెలియదు. మొదటిసారి ప్రేమతో అడగండి. రెండోసారి వారి మాటను మన్నించండి. ఇంటివారి విషయంలోనూ ఇదే. పెద్ద గిన్నెలను వంటింట్లోనే ఉంచి, దస్తర్‌ఖాన్‌పైకి కావలసినంతే తెస్తే, మాటల మధ్యలో చేయి దానంతటదే గిన్నెలోకి పోదు. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు కేటాయించుకోవాలని తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉన్న ప్రవక్త బోధను మనం పిల్లలకు కంఠస్థం చేయిస్తాము. వారు దానిని కంఠస్థం చేసిన తర్వాత మన దస్తర్‌ఖాన్ వైపు చూస్తారని మరువరాదు.

ఇక్కడ పురుషులకు ఒక మాట. నూనె తగ్గించిన మొదటి వారంలోనే “ఇదేమి కూర, రోగులకు వండినట్టుంది” అని ఒక్క మాట అంటే, ఇంటి స్త్రీ నెలరోజుల సంకల్పం ఆ పూటే కూలిపోతుంది. మరునాడు గరిటె మళ్ళీ నిండుతుంది. దైవప్రవక్త (స) ఏ ఆహారానికీ ఎన్నడూ వంక పెట్టలేదని, ఇష్టమైతే తినేవారు, లేకుంటే వదిలేసేవారని హజ్రత్ అబూ హురైరా (రజి) తెలియజేశారు. భార్య, తల్లి బరువు తగ్గాలని నిజంగా కోరేవారు చేయగల మొదటి సాయం దస్తర్‌ఖాన్ వద్ద నోరు అదుపులో పెట్టుకోవడం. రెండవ సాయం, బజారు నుండి పకోడీల పొట్లం తేకపోవడం. మూడవది, ఆమె కూడా అందరితో పాటే కూర్చుని వేడిగా తినేలా చూడడం. అందరితో కలిసి తిన్న స్త్రీకి అడుగంటిన మిగులును తినే పరిస్థితి రాదు.

కొన్ని జాగ్రత్తలు

షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవారు డాక్టరును సంప్రదించకుండా ఆహారాన్ని ఒక్కసారిగా తగ్గించరాదు; చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు బరువు తగ్గే ప్రయత్నంలో చేరరాదు. వారికి పాలు, గుడ్లు, పప్పు తగ్గకూడదు. వారానికి అర కిలో తగ్గితే అది మంచి ఫలితమే. పది రోజులలో పది కిలోలు తగ్గిస్తామనే ప్రకటనలను నమ్మవద్దు. బరువు యంత్రం లేకుంటే కొలత టేపు చాలు. నడుము చుట్టుకొలత స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడవలసిన సమయం వచ్చిందని అర్థం.

ఈ నెల మూడే పనులు చేయమని మా మనవి. బియ్యం గ్లాసును తూకం వేయించండి. నూనె డబ్బా తెరిచిన తేదీని దానిపైనే రాసి, ఎన్నాళ్ళకు ఖాళీ అయిందో చూడండి. వండిన ఆమెకు అందరితో పాటే కంచం పెట్టండి. ఎవరి కంచాన్నీ వేరు చేయనక్కరలేదు.