మునిగేందుకే ఆ బాట

ఢిల్లీ పాత ఇనుప వంతెనకు దిగువన, యమున తూర్పు ఒడ్డున అసితా ఈస్ట్ అనే పార్కు ఉంది. ఢిల్లీ అభివృద్ధి సంస్థ దాన్ని 2022లో తెరిచింది. నీటి గుంటలు, రెల్లు దుబ్బులు, మధ్యలో నడకబాట. మరుసటి ఏడాది జూలైలో అదే వంతెన దగ్గర యమున 208.66 మీటర్లకు చేరింది. 1978 నాటి 207.49 మీటర్ల రికార్డు చెరిగిపోయింది. పార్కు మునిగింది. కోట్ల సొమ్ము నీళ్లపాలైందని విమర్శలు వచ్చాయి.

నన్నడిగితే, ఆ పార్కు మునగడమే దాని ఉద్యోగం. వరద నీరు పక్కకు విస్తరించి, వేగం తగ్గి, ఇసుకలోకి ఇంకడానికి కాస్త చోటు కావాలి. ఆ చోటును నదికి తిరిగి ఇచ్చామని చెప్పుకొంటూనే, అక్కడ బాట తడిసిందని గగ్గోలు పెడితే ఎలా? నష్టపోయినవాటిని మాత్రం విడివిడిగా చూడాలి. రెల్లు మళ్లీ లేస్తుంది. మట్టి బాట మీద ఒండ్రు పేరుకుంటే చదును చేసుకుంటే సరి. సిమెంటు పలకలు, దీపస్తంభాలు, పచ్చిక తివాచీలే ఖర్చు తెచ్చిపెడతాయి. నది ఒడ్డు బాగుచేతలో ఏది నిజమో, ఏది అలంకారమో తొలి వరదే తేల్చేస్తుంది.

కోనసీమ లంక రైతుకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. గోదారి తీశాక కొత్త ఒండ్రు మీద కూరగాయలు వేస్తాడు. వరద కాలంలో గొడ్లను గట్టు మీదికి తోలుకుపోతాడు. లంకలో శాశ్వతంగా ఏం కట్టాలి, ఏం కట్టకూడదు అన్నది అతనికి బతుకు లెక్క.

యమున ఒడ్డున సాగుకూ, కట్టడాలకూ జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో అడ్డుకట్ట వేసింది. పాతికేళ్లకోసారి వచ్చే వరద ఎంత దూరం పారుతుందో అంత మేర నదిదేనన్నది కొలత. ఆ ఆదేశం పేరు చెప్పి కూరగాయల రైతులను, గుడిసెలవాళ్లను లేపేశారు. ఇప్పుడు అదే నది ఒడ్డున బాంసేరా వెదురు పార్కులో పతంగుల పండగలు చేస్తున్నారు. రైతు పాదుకు లేని చోటు వేదికకు ఎక్కణ్నుంచి వచ్చింది? సందర్శకుడిగా టికెట్ కొని నడిచే ప్రతివాడూ వేయాల్సిన ప్రశ్న ఇది.

మనకూ ఇది పరాయి గొడవ కాదు. 2024లో హైదరాబాద్‌లో మూసీ ఒడ్డు ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. 55 కిలోమీటర్ల పొడవునా నదిని తీర్చిదిద్దుతామంటున్నారు. 1908 సెప్టెంబరు 28న ఈ నది ఎంత ఎత్తుకు లేచిందో, చింతచెట్టెక్కి బతికినవాళ్ల కథగా నగరానికి ఇప్పటికీ గుర్తే. 2025 సెప్టెంబరులో ఎంజీబీఎస్ బస్టాండులోకి మూసీ నీళ్లొచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయారు.

కాబట్టి ఇళ్లు ఖాళీ చేయించిన చోట హోటళ్లు, వేదికలు లేపకుండా ఉండే హామీని ముందు కాగితం మీద పెట్టాలి. బాటలు మట్టివే వేయాలి. వాటి గేట్లు అమర్చే రోజునే ‘నది వచ్చింది, బాట మూసివేశాం’ అన్న బోర్డు కూడా రాయించి పక్కన పెట్టుకోవాలి.