కాంటాక్ట్స్ సింక్ అవ్వట్లేదా? ‘క్లియర్ డేటా’ నొక్కే ముందు ఒక్క నిమిషం

ఆండ్రాయిడ్ ఫోన్‌లో కొత్త నంబర్ సేవ్ చేశారు. ల్యాప్‌టాప్‌లో గూగుల్ కాంటాక్ట్స్ తెరిస్తే అది లేదు. ఎవర్ని అడిగినా చెప్పే మందు ఒకటే: సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి, ‘కాంటాక్ట్స్ స్టోరేజ్’ డేటా క్లియర్ చెయ్యి, అన్నీ సర్వర్ నుంచి మళ్లీ వచ్చేస్తాయి బ్రో!

సర్వర్‌కి వెళ్లినవి వస్తాయి, నిజమే. అసలు వెళ్లనివి ఎక్కణ్నుంచి వస్తాయి?

ఆండ్రాయిడ్ మన కాంటాక్ట్స్‌ని ఫోన్‌లోనే ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో దాస్తుంది. అందులో ప్రతి ఎంట్రీకీ ‘డర్టీ’ అనే కాలమ్ ఉంటుంది (పేరు పెట్టినవాడికి దండం). మీరు నంబర్ మార్చగానే అది 1 అవుతుంది, మార్పు సర్వర్‌కి చేరాక 0 అవుతుంది. గూగుల్ అకౌంట్‌లోని కాంటాక్ట్ డిలీట్ చేసినా వెంటనే పోదు. ‘డిలీటెడ్’ అని గుర్తు పెట్టి, సింక్ అయ్యేదాకా అలాగే ఉంచుతుంది.

అంటే ఏ మార్పులు ఆగిపోయాయో ఫోన్‌కి తెలుసు. మనకే చెప్పదు! నా కంప్లైంట్ అంతా ఇక్కడే. అకౌంట్ పేజీలో ‘చివరిగా సింక్ అయిన సమయం’ చూపిస్తే ఏం లాభం? వాట్సాప్‌లో ‘హాయ్’ వెళ్లకపోతే పక్కన గడియారం గుర్తు కనిపిస్తుంది. ఏళ్ల తరబడి పోగేసుకున్న నంబర్లకి ఆ పాటి మర్యాద లేదు. ‘3 మార్పులు ఇంకా అప్‌లోడ్ కాలేదు’ అని ఒక్క లైన్ చూపిస్తే ఎవరూ గుడ్డిగా డేటా క్లియర్ చెయ్యరు.

అది వచ్చేదాకా మన జాగ్రత్త మనదే. ముందు కాంటాక్ట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ కొట్టి వీసీఎఫ్ ఫైల్ తీసి పెట్టుకోండి. సింక్ కాని మార్పులు కూడా అందులోకి వస్తాయి. తర్వాత ఆ నంబర్ ఏ అకౌంట్‌లో సేవ్ అయిందో చూడండి. ‘డివైస్’ అనో ‘సిమ్’ అనో ఉంటే అది సింక్ సమస్యే కాదు, గూగుల్ అకౌంట్‌లోకి మారిస్తే సరి. గూగుల్‌లోనే ఉంటే బ్యాటరీ సేవర్, డేటా సేవర్ ఆపి, ‘సింక్ నౌ’ నొక్కి కాసేపు వదిలేయండి. ఇవేవీ పనిచెయ్యకపోతేనే క్లియర్ డేటా.

గూగుల్ కాంటాక్ట్స్ సైట్‌లో 30 రోజుల వెనక్కి తీసుకెళ్లే ‘అన్‌డూ’ ఉంది కదా అంటారేమో. అది సర్వర్‌కి చేరినవాటికే. చేరనివాటికి దిక్కు ఆ వీసీఎఫ్ ఫైలే. దాన్ని ఇంపోర్ట్ చేస్తే డూప్లికేట్లు రావచ్చు, వాటిని అదే యాప్‌లో మెర్జ్ చేసుకోవచ్చు.