కల్లంలో క గుణింతం

దసరా దాటితే పత్తికి, సంక్రాంతి దాటితే మిరపకు. కోసిగి, ఆదోని, మంత్రాలయం పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు, ప్రకాశం చేలకు కోతకు పోతాయి. (2022లో ఆ జిల్లాలు ముక్కలయ్యాయి గాని కోత దారి మారలేదు.) వెంట పిల్లలూ పోతారు. ఒకటో తరగతిలో అ, ఆలు దిద్ది గుణింతాల దాకా వచ్చేసరికి బడి చేజారుతుంది. 'డ్రాపౌట్' అని రాసుకుని సర్కారు చేతులు దులుపుకుంటుంది.

మేమడిగేది ఒకటే. ఈ పిల్లలకు చదువు చెప్పే పద్ధతి ఎవరి కోసం? చాలా బళ్లలో తొలి చదువంటే ఇంకా యాభై ఆరు అక్షరాల దిద్దుడే. ఏడాదంతా కదలకుండా కూర్చునే పిల్లాడి కోసం పెట్టిన వరుస అది. చూసి రాస్తాడు, రాసింది చదవమంటే దిక్కులు చూస్తాడు. ఎన్నడూ చూడని ఋషి బొమ్మతో కుస్తీ పట్టించే బదులు తెలిసిన మాటతో మొదలుపెడితే ఏం పోయింది? కల్లం, కాయ, కిలో, కుప్ప, కూలి, కోత. క గుణింతం సగం మిరప చేలోనే ఉన్నది! పిల్ల చెప్పిన మాటనే పంతులు బోర్డు మీద రాయాలి. వేలు పెట్టి కలిసి చదవాలి. ఆనక మాటను విడదీసి అక్షరం చూపాలి. క, ల దొరికితే కల, కలం వాళ్లే కూర్చుకుంటారు. గుణింతాలు, వత్తులు వద్దని మేమనడం లేదు. అవి గట్టిగా రాకుంటే తెలుగు చదవడం సాగదు. ఎక్కడ మొదలుపెట్టాలన్నదే పేచీ.

ఇది ఉత్త ముచ్చట కాదు. ప్రకాశం పక్కనే నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో కూలి ఆడవాళ్లు తమ బతుకు పాఠాలతోనే చదువు నేర్చారు. సారా పాఠం చదివిన దూబగుంట మహిళలు సారా దుకాణం మూయించారు. 1992లో ఆ పోరాటం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వానికి సారాను నిషేధించక తప్పలేదు. తల్లులకు పనికొచ్చిన పద్ధతి పిల్లలకెందుకు పనికిరాదు?

ఇక యాస. పడమటి కర్నూలు పిల్లల తెలుగులో కన్నడం కలిసి ఉంటుంది. ఇంటి మాటను తప్పని కొట్టేస్తే ఆరేళ్ల పిల్ల నోరు ఎట్లా మూతపడుతుందో తెలంగాణ బిడ్డలకు వేరే చెప్పాలా? 2004లో ఉమ్మడి రాష్ట్రంలోనే గోండి, కోయ, బంజారా సహా 8 భాషల్లో తొలి చదువు మొదలైంది. దారి తెలియక కాదు.

మూడో తరగతికల్లా ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవాలని 2021లో నిపుణ్ భారత్ లక్ష్యం పెట్టింది. మరి గుడారాల పిల్లల మాటేమిటి? కోత ఊరి బడి వాళ్లను చేర్చుకోవాలి. వాళ్ల మాటలతో చిన్న పుస్తకం కుట్టి, ఎండాకాలం సొంతూరికి పోయేటప్పుడు చేతికివ్వాలి. అక్కడి పంతులు ఆ పుస్తకంతోనే మొదలుపెట్టాలి. దీనికి కొత్త జీవో అక్కర్లేదు. రెండు ఊళ్ల ఉపాధ్యాయ సంఘాలు మాట్లాడుకుంటే వచ్చే కోతలకే మొదలుపెట్టొచ్చు.